వేదమందలి వంశావళులును జెర్సీ సిటీ చరిత్రలోని మూడు పుస్తకములును



సాయంకాల ప్రార్థనయందు వేదమును వరుసగా చదువు కుటుంబములలో ఒక సంగతి తరచుగా జరుగుచుండును. ఆదికాండము అయిదవ అధ్యాయమో, దినవృత్తాంతముల మొదటి గ్రంథమో వచ్చినప్పుడు చదువుచున్న పిల్లవాడు తడబడును. పెద్దలు, "ఆ పేరులు విడిచి తరువాతి అధ్యాయము చదువుము" అందురు. ఒకడు మరియొకని కనెను, వాడు ఇంకొకని కనెను అను ఈ వరుసలో మన ఆత్మకు ఆహారమేమి కలదని అనేకులు తలంతురు. అయినను దినవృత్తాంతముల మొదటి గ్రంథమందు మొదటి తొమ్మిది అధ్యాయములు దాదాపుగా పేరులతోనే నిండియున్నవి. క్రొత్త నిబంధన మొదటి పుటయే పేరుల పట్టికతో ఆరంభమగుచున్నది. పరిశుద్ధ గ్రంథమునందు ఇంత చోటు పేరులకీయబడినప్పుడు, అవి ఏల వ్రాయబడినవని విచారింపక దాటిపోవుట మనకు తగదు.

ఈ విచారణ తోటలలో పనిచేయు కుటుంబములకు మరి యెక్కువగా అవసరము. మన పేరులు వ్రాయబడని పుస్తకము లేదు. ఉదయమున పిలుచు హాజరు పట్టీలో మన పేరున్నది. జీతపు పుస్తకములో నున్నది. కొట్టువాని అప్పుల ఖాతాలోను ఉన్నది. అయినను, "మీ తాతను కన్న తండ్రి పేరేమి? ఆయన ఏ గ్రామమునుండి వచ్చెను?" అని యడిగినయెడల ఉత్తరము చెప్పగలవారు మనలో కొందరే. పేరు వ్రాయబడుట యొక్కటే చాలదు. ఎవరు వ్రాసిరి, ఏ నిమిత్తము వ్రాసిరి అనునదే ముఖ్యము. ఈ భేదమును తేటగా చూపు పట్టణ చరిత్ర యొకటి కలదు. దానిని ముందు చెప్పి, పిమ్మట వేదమునకు వత్తము.

ఆ పట్టణము పేరు జెర్సీ సిటీ. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూజెర్సీ రాష్ట్రమందు, హడ్సను నదికి ఈవలి గట్టున నున్నది. ఆవలి గట్టున న్యూయార్కు మహానగరము. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలో ఆ పట్టణమందు 2,92,449 మంది యుండిరి. నేడు తెలుగువారును అనేకులు ఆ ప్రాంతమునకు పోయి ఉద్యోగములు చేయుచు కాపురముండుచున్నారు. ఆ పట్టణపు చరిత్రలో మూడు విధములైన పేరుల పుస్తకములు కనబడుచున్నవి.

1. సంఘపు పుస్తకము

మచిలీపట్టణమందు 1605వ సంవత్సరము మొదలు వర్తకము చేసిన డచ్చివారి సంగతి మన దేశ చరిత్రలో వినియుందుము. ఆ హాలెండు దేశస్థులే పడమటి ఖండమందును వలసలు స్థాపించిరి. ఇప్పుడు జెర్సీ సిటీ యున్న స్థలము పూర్వము లెనాపీ అను ఆదిమజనుల దేశము. అచ్చట 1660వ సంవత్సరమందు డచ్చి గవర్నరగు పీటర్ స్టైవెసెంటుగారి కాలమున బెర్గెన్ అను గ్రామము ఏర్పడెను. ఆ గ్రామపు క్రైస్తవ సంఘము తన యారంభమును 1660 నుండియే లెక్కించుకొనుచున్నది. దాని నేటి దేవాలయము 1841లో కట్టబడినది. ఆ సంఘపు బాప్తిస్మముల పుస్తకము 1666 మొదలుకొని లభించుచున్నది.

ఆ కాలమున డచ్చివారిలో పలువురకు ఇంటిపేరులు స్థిరముగా నుండలేదు. యాను కుమారుడు యాన్‌సెన్, పీటరు కుమారుడు పీటర్సెన్ అని తండ్రి పేరునుబట్టియే మనుష్యుడు పిలువబడెను. 1664లో ఆ దేశము ఆంగ్లేయుల వశమైన పిమ్మట క్రమముగా ఇంటిపేరులు నిలిచెను. బాప్తిస్మపు పుస్తకమందు శిశువు పేరు, తలిదండ్రుల పేరులు, సాక్షుల పేరులు వ్రాయుట వారి యాచారము. డచ్చి స్త్రీలు వివాహమైన పిమ్మటను పుట్టింటి పేరును నిలుపుకొనుచుండిరి గనుక తల్లి వంశమును ఆ పుటలలో మరుగుపడలేదు. ఆ శిశువు దేవుని నిబంధనలో చేర్చబడినదని సంఘమంతయు ఎరుగుటకు ఆ పేరులు వ్రాయబడెను.

ఆ సంఘము చేరిన రిఫార్మ్‌డు సభకును తెలుగు దేశమునకును సంబంధము కలదు. ఆ సభవారే స్కడ్డరు కుటుంబమువారి మూలమున 1853లో ఆర్కాటు మిషను స్థాపించిరి. ఆ మిషనులో పనిచేసిన జేకబ్ ఛేంబర్లేనుగారు న్యూజెర్సీ రాష్ట్రమందలి న్యూ బ్రన్‌స్విక్కులో వేదశాస్త్రము చదివి, 1859లో స్వదేశము విడిచి, 1863లో మదనపల్లెకు వచ్చిరి. ఆయన తెలుగు బైబిలును సవరించు సంఘమునకు 1873 మొదలు 1894 వరకు అధ్యక్షులుగా నుండి, 1908లో మదనపల్లెయందే ప్రభువునందు నిద్రించిరి. శేతు, ఎనోషు, కేయినాను అను పేరులను తెలుగు లిపిలో మన పిల్లలు చదువగలుగుట అట్టివారి ప్రయాసము వలననే.

2. యజమానుల పుస్తకము

బెర్గెన్ పొలములలో దున్నినవారందరు డచ్చివారు కారు. ఆఫ్రికానుండి తేబడిన దాసులును వారి సంతానమును అచ్చట కష్టపడిరి. 1804వ సంవత్సరమందు న్యూజెర్సీ ప్రభుత్వము ఒక చట్టము చేసెను. ఆ సంవత్సరము జూలై 4వ తేది తరువాత దాసికి పుట్టిన శిశువు స్వతంత్రుడని ఆ చట్టము చెప్పెను. అయితే మగవాడు 25 ఏండ్లు, ఆడుది 21 ఏండ్లు నిండువరకు తల్లి యజమానునికి ఊడిగము చేయవలెను. అందునిమిత్తము యజమానుడు శిశువు పుట్టిన తొమ్మిది నెలలలోగా కౌంటీ గుమాస్తాకు పత్రము దాఖలు చేయవలసియుండెను. ఆ పత్రమందు యజమానుని పేరు, శిశువు పేరు, వయస్సు, ఆడ మగ యను భేదము ఉండవలెనని చట్టము అడిగెను. తల్లి పేరునుగాని తండ్రి పేరునుగాని చట్టము అడుగలేదు.

ప్రియులారా, ఈ సంగతిని నిదానించి చూడుడి. ఒక బిడ్డ పుట్టెను, పేరు వ్రాయబడెను, కాని కన్నవారి పేరునకు ఆ పుస్తకములో నియమిత స్థానము లేదు. బిడ్డ ఎవరి సంతానమో చెప్పుటకు కాక, ఎవరి పనివాడో చెప్పుటకు ఆ పుస్తకము పుట్టెను. జెర్సీ సిటీ స్థలము 1840 వరకు బెర్గెన్ కౌంటీలోనిదే గనుక అచ్చటి దాసుల బిడ్డలు ఈ చట్టము క్రిందనే పుట్టిరి. దాసత్వము సంపూర్ణముగా తీరుటకు 1865వ సంవత్సరమందు దేశమంతటికి చేయబడిన రాజ్యాంగ సవరణము రావలసి వచ్చెను.

ఆ ప్రాంతమందే తామస్ జాక్సన్, జాన్ జాక్సన్ అను ఇద్దరు అన్నదమ్ములుండిరి. దాసులుగా నుండి విడుదల పొందినవారు. వారి పేరుల నడుమ వ్రీలాండ్ అను మాట వ్రాయబడుచుండెను. అది వారి పూర్వ యజమానుల ఇంటిపేరు. వారు 1831లో గ్రీన్‌విల్ అను చోట భూమి కొని, సముద్రపు ఆల్చిప్పలు పట్టి జీవించిరి. దక్షిణ రాష్ట్రములనుండి పారిపోయి వచ్చిన దాసులను వారు దాచి సాగనంపిరని ఆ పట్టణపువారు చెప్పుకొందురు. కొన్నవారి పేరును మోసినవారే విడుదలకు ద్వారపాలకులైరి.

3. ఓడల పుస్తకము

జెర్సీ సిటీ తీరమునకు చేరువగా ఎల్లిస్ ద్వీపము కలదు. 1892వ సంవత్సరము జనవరి 1వ తేదిని అచ్చట వలసవచ్చువారిని పరీక్షించు స్థానము తెరువబడెను. 1954 నవంబరులో మూయబడెను. ఆ మధ్యకాలమున సుమారు 1 కోటి 20 లక్షలమంది ఆ ద్వారమున ప్రవేశించిరి. మట్టి పోసి పెంచిన ఆ ద్వీపభాగములో ఎక్కువ పాలు న్యూజెర్సీకే చెందునని అమెరికా సుప్రీము కోర్టు 1998లో తీర్పు చెప్పెను.

ఆ ద్వీపమందలి అధికారులు వచ్చినవారి పేరులను మార్చివేసిరని అనేకులు చెప్పుకొందురు. కాని పేరుల పట్టిక ప్రయాణము మొదలైన రేవునందే ఓడవారిచేత వ్రాయబడుచుండెను. ద్వీపమందలి అధికారులు ఆ పట్టికను చేతబట్టుకొని, పేరేమి, వయస్సెంత, పని యేమి, ఎచ్చటికి పోవుదువు, చేత రూకలెన్ని అని మరల అడిగిరి. పరీక్ష గడచినవారిలో పలువురు పడవమీద జెర్సీ సిటీకి దాటి, 1889లో కట్టబడిన రైలు స్టేషనునందు బండ్లెక్కి దేశమంతట చెదరిపోయిరి. ఆ స్టేషను 1967లో మూతపడి, నేడు లిబర్టీ ఉద్యానవనములో చరిత్ర చిహ్నముగా నిలిచియున్నది.

ఓడల పుస్తకము అడిగినది ఒక్కటే: వీడు లోనికి రాదగినవాడా, కాడా? అట్టి పుస్తకము మన జాతివారికిని క్రొత్తది కాదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదిని ట్రూరో అను ఓడ మదరాసు కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాలు రేవు చేరెను. నాటినుండి 1911 వరకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలు ఆ దేశమునకు పోయిరి. వారిలో తెలుగువారును అనేకులు. ప్రతి మనుష్యునికిని ఒక సంఖ్య ఈయబడెను. ఆ సంఖ్యకు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహమందలి పుట్టుమచ్చలు వ్రాయబడెను. అయినను ఆ పట్టికల వలననే వారి మనుమల మనుమలు నేడు తమ పూర్వుల గ్రామములను వెదకుచున్నారు. కూలి కొరకు వ్రాసిన పుస్తకమునుండియు దేవుడు మేలు పుట్టింపగలడు.

ఆ నేటాలుకే 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు బయలుదేరి పోయిరి. వారిని పంపినవారు తెల్లవారు కారు, తెలుగు బాప్తిస్టు సంఘములవారే. తేయాకు తోటలున్న కియర్స్నీలో ఆ సంవత్సరమే తెలుగు బాప్తిస్టు సంఘము కూర్పబడెను. 1915లో రంగయ్యగారు మరణించువరకు తోటలలో తిరిగి సేవచేసిరి. ఓడ పట్టికలో సంఖ్య చొప్పున లెక్కింపబడినవారు సంఘమందు అన్నా, అక్కా, తమ్ముడా అని పిలువబడిరి.

మన దేశమందలి ఆచారము

పుస్తకములు లేని కాలమున మన గ్రామములలో వంశావళులు నోటిమాటగా నిలిచెను. భట్రాజులు సంపన్నుల వంశములను పొగడిరి. పిచ్చిగుంట్లవారు కాపుల గోత్రములను చెప్పిరి. అంటరానివారని త్రోసివేయబడినవారికిని తమ వంశకథకులుండిరి. డక్కలివారు మాదిగవారి యింటి ముంగిట జాంబపురాణము చెప్పి వారి పూర్వుల గౌరవమును జ్ఞాపకము చేసిరి. పేదవాడును తన పూర్వులను ఎరుగగోరును. ఇది మానవ హృదయమందలి కోరిక.

సముద్రము దాటిన కూలీతో డక్కలివాడు ఓడ ఎక్కలేదు. కంగాణి వెంట కొండతోటలకు పోయినవాని యింటికి పిచ్చిగుంటవాడు రాలేదు. రెండు తరములు గడచునప్పటికి గ్రామము పేరు మాసిపోయెను, మూడవ తరమున తాత పేరును మాసిపోయెను. అట్టివారమగు మన చేతికి దేవుడు వంశావళులుగల గ్రంథమునిచ్చెను. ఇప్పుడు దానిని తెరచి చూతము.

వేదమందలి పట్టికలు

మొదట కష్టమైన పుటను చూతము. ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయమందు బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారి పట్టిక కలదు. సమాజమంతయు 42,360 మంది. వారుగాక దాసదాసీలు 7,337 మంది యని వ్రాయబడెను. వారి పేరులొకటియు లేదు. ఆ వెంటనే గుఱ్ఱములు 736, కంచరగాడిదలు 245 అని లెక్క సాగుచున్నది. వేదమందుకూడ పనివారు సంఖ్యగా మిగిలిన చోటున్నదని మనము దాచనక్కరలేదు. మన పితరులు అనుభవించినదియు అదే. అయితే ఆ అధ్యాయమందే దేవాలయపు ఊడిగము చేసిన నెతీనీయుల పితరుల పేరులు వరుసగా వ్రాయబడినవి. వారిని సొలొమోను సేవకుల వంశస్థులతో కూడ లెక్కింపగా 392 మంది. ఊడిగము చేయువారికిని పితరులున్నారని గ్రంథము ఒప్పుకొనెను.

రెండవది, దినవృత్తాంతముల మొదటి గ్రంథము రెండవ అధ్యాయమందలి షేషాను సంగతి. యూదా గోత్రమందు ఇతనికి కుమారులు లేరు, కుమార్తెలే యుండిరి. ఇతని యింట యర్హా అను ఐగుప్తీయుడగు దాసుడుండెను. షేషాను తన కుమార్తెను ఆ దాసునికిచ్చి వివాహము చేసెను. వారికి అత్తయి పుట్టెను. అత్తయి మొదలుకొని ఎలీషామా వరకు పదుమూడు తరముల పేరులు ఎడతెగక వ్రాయబడినవి. ఆ వంశము యజమానుని పేరున సాగెను సరే. కాని దాసుని పేరు తుడిచివేయబడలేదు, అతని దేశమును మరుగుచేయబడలేదు. 1804వ సంవత్సరపు చట్టము అడుగని తండ్రి పేరును ఈ గ్రంథము అడిగి వ్రాసెను.

మూడవది, అదే గ్రంథము నాలుగవ అధ్యాయము. అచ్చట యుద్ధములు గెలిచినవారుకాక, సన్నపు నార నేసిన యింటివారును, రాజు పని నిమిత్తము నెతాయీము, గెదేరా అను చోట్ల కాపురమున్న కుమ్మరులును పేర్కొనబడిరి. నెతాయీము అనగా నాటిన మొక్కలనియు, గెదేరా అనగా కంచెగోడ యనియు హెబ్రీ భాషలో అర్థము; కొన్ని భాషాంతరములలో అట్లే త్రిప్పబడినది. ఒకరు నాటించిన తోటలలో, ఒకరు కట్టించిన కంచెలలోపల, పని నిమిత్తమే కాపురముండుట యేమో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. అట్టివారి కాపురము దేవుని గ్రంథమున కెక్కెను.

నాల్గవది, సెలోపెహాదు కుమార్తెలు. సంఖ్యాకాండము 27వ అధ్యాయమందు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రు మోషే యెదుట నిలిచి, తమ తండ్రికి కుమారులు లేనందున అతని పేరు ఏల మాసిపోవలెనని యడిగిరి. వారు అడిగినది న్యాయమేనని ప్రభువు సెలవిచ్చెను. ఆకు కోయు చేతులుగల తల్లులారా, మీ పుట్టింటి పేరులు జ్ఞాపకముంచుకొనదగినవి కావని ఎవరైనను చెప్పినయెడల ఈ అయిదు పేరులను వారికి చదివి వినిపింపుడి.

అయిదవది, మత్తయి సువార్తయందలి మన ప్రభువు వంశావళి. అందు తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య అను నలుగురు స్త్రీలు కలరు. రూతు మోయాబీయురాలు; పరదేశమునుండి అత్తగారి వెంట వచ్చి, పరులచేలో పరిగె యేరుకొని పొట్టపోసికొన్నది. మోయాబీయులు సమాజములో చేరరాదని ధర్మశాస్త్రమందు నిషేధముండగా, ఆమె పేరు దావీదునకును క్రీస్తునకును ముత్తవ్వగా వ్రాయబడెను. మరియు మత్తయి తన పట్టికను పదునాలుగేసి తరములుగా మూడు భాగములు చేసి, రెండవ భాగమును బబులోను చెరతో ముగించెను. చెరలోనికి పోయిన పిమ్మటను పట్టిక తెగిపోలేదు. యెకొన్యాకు షయల్తీయేలు, షయల్తీయేలునకు జెరుబ్బాబెలు అని వరుస సాగుచునే యున్నది. జెరుబ్బాబెలు అను పేరునకు బబులోను సంతానమని అర్థము చెప్పుదురు. అన్యదేశమందు పుట్టినందున వాగ్దానపు వరుసనుండి ఎవడును త్రోసివేయబడలేదు. మన పిల్లలు తాతల గ్రామమును ఎన్నడు చూడకపోయినను దేవుని లెక్కలో వారు త్రోవ తప్పినవారు కారు.

వంశావళియొక్క అపాయము

ఇంతవరకు చెప్పినది విని, వంశమే గొప్పదని యెవరును అతిశయింపకూడదు. ఎజ్రా గ్రంథమందే కొందరు యాజకులు తమ పేరులు పట్టికలో కనబడనందున యాజకత్వమునుండి వేరుచేయబడిరి. పట్టిక గోడగా మారుటకు ఎంతో కాలము పట్టదు. మన దేశమందు ఆ గోడకు కులమని పేరు. క్రీస్తునందు బాప్తిస్మము పొందిన పిమ్మటను పెండ్లి సంబంధము వచ్చినప్పుడు, "వారు పూర్వము ఏమివారు?" అని చెవిలో అడుగువారు మనలో ఇంకను కలరు. ఒకే లైనులో ఇండ్లు, ఒకే బావి నీళ్లు, ఒకే బల్లయొద్ద ప్రభువు భోజనము. అయినను పిల్లనిచ్చుటకు మాత్రము పాత పట్టిక వెదకబడుచున్నది. ఇది సిగ్గుపడవలసిన సంగతి.

హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక ఏడవ అధ్యాయము ఈ గోడను పునాదినుండి కూల్చుచున్నది. మన ప్రధాన యాజకుడగు యేసు లేవి గోత్రమునుండి రాలేదు, యూదా గోత్రమునుండి వచ్చెను. మోషే ఆ గోత్రమును గూర్చి యాజకత్వ విషయమున ఏమియు చెప్పలేదు. ఎజ్రా కాలమందలి పట్టిక చొప్పున చూచినయెడల మన ప్రభువునకే బలిపీఠమునొద్ద చోటు దొరకదు! పట్టికలో పేరు లేని యాజకుడే మనకు నిత్య యాజకుడు. బాప్తిస్మమిచ్చు యోహానును, అబ్రాహాము మా తండ్రి యని చెప్పుకొనువారితో, దేవుడు రాళ్లనుండియు పిల్లలను లేపగలడనెను. అపొస్తలుడగు పౌలు తిమోతికిని తీతుకును వ్రాయుచు, అంతము లేని వంశావళుల వివాదములను మానవలెనని హెచ్చరించెను.

అట్లయిన వంశావళి ఉంచుకొనవలెనా, విడువవలెనా? లూకా సువార్త దారి చూపుచున్నది. లూకా మన ప్రభువు వంశమును వెనుకకు చెప్పుచు, దావీదును దాటి, అబ్రాహామును దాటి, ఆదాము వరకు పోయి, ఆదాము దేవునివాడని చెప్పి ముగించెను. వంశావళి నడుమ ఆగినయెడల అది కులమగును. చివరివరకు చదివినయెడల మనుష్యులందరు ఒక్క ఇంటివారగుదురు. దొరయు కూలీయు, ఓడ పట్టిక వ్రాసినవాడును సంఖ్య పొందినవాడును ఆ చివరి పేరునొద్ద కలిసికొందురు.

మనము చేయవలసినది

ఈ సత్యమును విని ఊరకుండుట చాలదు. మొదట, ప్రతి కుటుంబమును ఇంటిలోని బైబిలునందు వ్రాతలేని పుటపై, లేదా మంచి నోటుపుస్తకమందు, తమ వారి పేరులను వ్రాసికొనవలెను. తండ్రి పేరుతోకూడ తల్లి పేరును, ఆమె పుట్టింటివారి పేరును వ్రాయుడి. తెలిసినయెడల గ్రామము, తాలూకా, ఏ తోటకు ఏ సంవత్సరమందు వచ్చిరో వ్రాయుడి. మొదట ఎవరు ప్రభువును నమ్మిరో ఆ పేరును విడువకుడి. ముసలివారు బ్రదికియుండగానే అడుగుడి. ఒక అవ్వ చనిపోయినప్పుడు ఒక పుస్తకమే మూతపడును.

రెండవది, చిన్నతనమున చనిపోయిన బిడ్డలను, పెంపుడు పిల్లలను, సంతానము లేని పెదతల్లిని, పినతండ్రిని ఆ పుటనుండి తీసివేయకుడి. సంతానము లేనివారికి కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు ఇచ్చెదనని ప్రభువు యెషయా ప్రవక్తద్వారా వాగ్దానము చేసియున్నాడు.

మూడవది, కులమును ఘనతగా వ్రాయకుడి. అవమానముగా దాచి అబద్ధపు వంశమును కల్పింపకుడి. మత్తయి తన ప్రభువు వంశమందు తామారు కథనుగాని ఊరియా భార్య కథనుగాని మరుగుచేయలేదు. సత్యముగా వ్రాయబడిన దీనవంశము కల్పింపబడిన రాజవంశముకంటె మేలు.

నాల్గవది, సంఘపు పుస్తకములను జాగ్రత్త చేయుడి. బాప్తిస్మములు, వివాహములు, సమాధులు వ్రాయు పెద్దలు పేరులను తొందరగా, తప్పుగా వ్రాయకూడదు. పేరు అడిగినప్పుడు తల్లినే అడిగి, ఆమె చెప్పినట్లే వ్రాయవలెను. చదువు రానివారికి వ్రాసినది చదివి వినిపింపవలెను. బెర్గెన్ గ్రామపు సంఘము మూడువందల ఏండ్లకు పైగా తన పేరులను కాపాడుకొనినయెడల, మన చిన్న సంఘములును వానకు, చెదలకు తప్పించి తమ పుస్తకములను ఒక పెట్టెలో భద్రపరచగలవు.

అయిదవది, ఈసారి సాయంకాల ప్రార్థనలో పేరుల అధ్యాయము వచ్చినప్పుడు దాటిపోకుడి. పిల్లవాడు తడబడినను ఓర్పుతో వినుడి. చదివిన పిమ్మట మన యింటి పేరులనుకూడ బిగ్గరగా చదివి, ఆ వరుసగా వచ్చిన కృపకొరకు దేవుని స్తుతింపుడి.

ప్రియులారా, హాజరు పట్టీ సంవత్సరాంతమున మార్చబడును. అప్పు తీరినప్పుడు కొట్టువాని ఖాతా కొట్టివేయబడును. తన శిష్యులు అద్భుతములు చేసి సంతోషముతో తిరిగివచ్చినప్పుడు, దానికంటె తమ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నందుకు సంతోషింపవలెనని ప్రభువు వారికి బోధించెను. ఆ పుస్తకమందు వ్రాయువాడు కూలి కొరకు వ్రాయలేదు, అడ్డగించుటకు వ్రాయలేదు. మన తాతల పేరులు మనము మరచినను ఆయన మరువలేదు. ఆ నిరీక్షణతో మన పేరులను, మన వారి పేరులను భక్తితో నిలుపుకొందము గాక. ఆమేన్.